గీత గీసిన చోటల్లా తప్పు ఉంటుందా? ఏసీటీ ఇంగ్లీషు విభాగంపై ఒక సందేహం

కావలి మాస్టారు (ప్రశ్న)

ఈ విషయంలో అనుభవం ఉన్న మిత్రులందరికీ నమస్కారం. నేను కావలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో 31 సంవత్సరాలు ఇంగ్లీషు బోధించాను. మా పెద్దమ్మాయి కూతురు అమెరికాలో పదకొండో తరగతి చదువుతూ, కళాశాల ప్రవేశం కోసం ఏసీటీ అనే పరీక్షకు తయారవుతున్నది. ప్రతి ఆదివారం ఉదయం, అంటే వాళ్ళకు శనివారం రాత్రి, వీడియోలో మాట్లాడుకునేటప్పుడు ఆ పరీక్షలోని ఇంగ్లీషు విభాగాన్ని ఇద్దరం కలిసి చదువుతున్నాము. ఒక వ్యాసం ఇచ్చి, అందులో కొన్ని మాటల కింద గీత గీసి, ఆ భాగాన్ని ఉన్నది ఉన్నట్లు ఉంచాలా, లేక ఇచ్చిన మూడు ప్రత్యామ్నాయాల్లో ఒకదానితో మార్చాలా అని అడగడం ఆ విభాగం పద్ధతి.

ఇన్నేళ్ళు ఎర్ర సిరాతో దిద్దినవాడికి ఇదొక లెక్కా అనుకుని, పోయిన వారం ఒక నమూనా ప్రశ్నపత్రాన్ని అచ్చు తీయించి, గడియారం ఎదుట పెట్టుకుని కూర్చున్నాను. 50 ప్రశ్నలకు 35 నిమిషాలు ఇస్తారు; నాకు 52 నిమిషాలు పట్టింది, సరైన జవాబులు 33 మాత్రమే వచ్చాయి. తప్పిన 17 ప్రశ్నలను విడదీసి చూస్తే, ఏడింటిలో అసలు వాక్యం సరిగానే ఉండగా నేను మార్చాను. ఆరింటిలో పొట్టి జవాబును వదిలి పొడవైనదాన్ని ఎంచుకున్నాను. మిగిలిన నాలుగూ కామాల దగ్గర పోయాయి. మా మనవరాలు నవ్వలేదు గానీ, "తాతయ్యా, మీరు మరీ ఎక్కువ దిద్దుతున్నారు" అన్నది.

నా సందేహం ఇది. కామా దగ్గర ఒకటి లెక్కపెట్టేంత సేపు, సెమికోలన్ దగ్గర రెండు, ఫుల్‌స్టాప్ దగ్గర మూడు లెక్కపెట్టేంత సేపు ఆగాలని మా గురువులు మాకు చెప్పారు, నేనూ అదే పిల్లలకు చెప్పాను. ఆ లెక్కన పైకి చదివి, ఊపిరి ఆగిన చోట కామా పెడితే ఈ పరీక్షలో ఎందుకు తప్పవుతున్నది? "బికాజ్" అని ఒక్క మాటలో పోయేదాన్ని "డ్యూ టు ద ఫాక్ట్ దట్" అని రాస్తే భాష నిండుగా ఉంటుందని మేము మార్కులు వేసినవాళ్ళం. అది ఇక్కడ దోషం ఎట్లా అయింది? అన్నిటికంటే ముఖ్యంగా, గీత గీసిన భాగం సరిగానే ఉందని నమ్మకంగా తేల్చుకోవడానికి ఏదైనా పద్ధతి ఉన్నదా? చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా జవాబు పెట్టమని పిల్లకు చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ పిల్ల చెవి అమెరికాది, నా చెవి కావలిది.


ఒంగోలు ఆన్‌లైన్ ట్యూటర్

మాస్టారూ, నమస్కారం. నేను ఒంగోలులో ఉంటూ అమెరికాలోని తెలుగువారి పిల్లలకు ఈ పరీక్షల పాఠాలు చెబుతుంటాను. వాళ్ళ సాయంత్రం మనకు తెల్లవారుజాము కాబట్టి మా తరగతి నాలుగున్నరకే మొదలవుతుంది. మీరు తప్పులను విడదీసి చూసుకున్న తీరే సగం వైద్యం. చాలామంది మొత్తం మార్కులు చూసి పత్రాన్ని పక్కన పెట్టేస్తారు.

ముందుగా సమయం సంగతి. 2025కు ముందు ఈ విభాగంలో 75 ప్రశ్నలకు 45 నిమిషాలు ఉండేవి. ఇప్పుడు 50 ప్రశ్నలకు 35 నిమిషాలు. అంటే ప్రశ్నకు 36 సెకన్లు ఉన్నది 42 సెకన్లయింది. ఇంటర్నెట్‌లో దొరికే పాత పత్రాలతో అభ్యాసం చేయడంలో దోషం లేదు గానీ, గడియారాన్ని మాత్రం కొత్త లెక్కకు మార్చుకోండి.

ఇక గీత విషయం. ప్రశ్న ఎక్కడ ఉందో చూపించడానికే గీత గీస్తారు తప్ప, తప్పు ఎక్కడ ఉందో చూపించడానికి కాదు. ఉపాధ్యాయులుగా పనిచేసినవారికి ఇది అందరికంటే కష్టంగా ఉంటుంది, ఎందుకంటే విద్యార్థి రాసిన కాగితం మీద ఎర్ర గీత అంటే మన అలవాటులో తప్పు అనే అర్థం. అందుకని నా పిల్లలకు నేను ఒక నియమం పెడతాను: వాక్యాన్ని మార్చే ముందు దానిలోని దోషం పేరు చెప్పాలి. కర్తకూ క్రియకూ పొత్తు కుదరలేదనో, రెండు పూర్తి వాక్యాలను ఒక్క కామా కలుపుతున్నదనో, సర్వనామం దేనికి చెందుతుందో తెలియడం లేదనో, చెప్పిందే మళ్ళీ చెప్పారనో పేరు పెట్టగలిగితే మార్చవచ్చు. "ఏదో బాగాలేదు" అన్నంత మాత్రాన మార్చకూడదు. పేరు దొరకనప్పుడు "నో చేంజ్" పెట్టి ముందుకు సాగడం మేలు. మీ ఏడు తప్పుల్లో కనీసం నాలుగైదు ఈ ఒక్క నియమంతో నిలబడి ఉండేవని నా అంచనా.

కామాల గురించి కొంచెం ఎక్కువగా రాయాలి. మీ గురువులు చెప్పిన లెక్క పైకి చదవడానికి పనికివచ్చే లెక్క, అందులో తప్పేమీ లేదు. ఈ పరీక్ష మాత్రం కామాను ఊపిరికి కాక వాక్య నిర్మాణానికి కడుతుంది. ఉదాహరణకు, నెల్లూరు మొలగొలుకుల గురించి "ద ఫైన్ రైస్ గ్రోన్ ఇన్ ద ఫీల్డ్స్ ఎరౌండ్ నెల్లూర్, ఈజ్ కాల్డ్ మొలగొలుకులు" అని రాశామనుకోండి. నెల్లూర్ అన్న మాట తర్వాత ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు. అయినా అక్కడ కామా తప్పే, ఎందుకంటే అది "రైస్" అనే కర్తను "ఈజ్" అనే క్రియ నుంచి విడదీస్తున్నది. కర్తకూ క్రియకూ మధ్య ఒంటి కామా రాకూడదు. జంటగా అయితే రావచ్చు: మధ్యలో ఒక అదనపు సమాచారం వచ్చి, దానికి అటొక కామా, ఇటొక కామా ఉంటే దోషం లేదు. కాడికి ఒక్క ఎద్దును కట్టి దున్నలేము గదా, అట్లాగే అనుకోండి. డాష్‌కు కూడా ఇదే వరస. ఒక పక్క డాష్, రెండో పక్క కామా పెడితే జత కుదరదు.

ఆ జంట కామాలు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో మన జిల్లా పేరుతోనే చెబుతాను. "టంగుటూరి ప్రకాశం, ద ఫస్ట్ చీఫ్ మినిస్టర్ ఆఫ్ ఆంధ్ర స్టేట్, వాజ్ బార్న్ నియర్ ఒంగోల్" అన్న వాక్యంలో కామాల మధ్య ఉన్నది తీసేసినా ఎవరి గురించి చెబుతున్నామో తెలుస్తుంది కాబట్టి కామాలు ఉండాలి. అదే "ద ఫ్రీడమ్ ఫైటర్ టంగుటూరి ప్రకాశం వాజ్ బార్న్ నియర్ ఒంగోల్" అంటే, స్వాతంత్ర్య సమరయోధులు ఎందరో ఉన్నారు, వారిలో ఎవరన్నది ఆ పేరు లేకపోతే తెలియదు. కాబట్టి పేరుకు అటూ ఇటూ కామాలు రాకూడదు. తీసేస్తే అర్థం నిలుస్తుందా అన్నదే పరీక్ష, ఆగాలనిపిస్తుందా అన్నది కాదు.

మరొక చిన్న కిటుకు చెప్పి ముగిస్తాను. రెండు పూర్తి వాక్యాల మధ్య ఫుల్‌స్టాప్ పెట్టినా, సెమికోలన్ పెట్టినా వ్యాకరణం దృష్టిలో రెండూ సమానమే. అందువల్ల ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఫుల్‌స్టాప్‌తో, మరొకటి సెమికోలన్‌తో ఉండి మిగతా మాటలన్నీ ఒకటే అయితే, ఒకటి సరైనదైతే రెండోదీ సరైనదవుతుంది. సరైన జవాబు ఒక్కటే ఉండాలి కాబట్టి రెండూ పోతాయి. ఇది వ్యాకరణం కాదు, పరీక్ష రాసే తెలివి మాత్రమే. అయినా 42 సెకన్లలో అదీ అక్కరకొస్తుంది.


నెల్లూరు తెలుగు అధ్యాపకురాలు

మాస్టారు గారికి నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పేదాన్ని, ఇంగ్లీషు నా శాస్త్రం కాదు. అయినా మా అబ్బాయి చేత ఇటువంటి ప్రశ్నలే చేయించినప్పుడు నాకు తోచిన ఒక సంగతి మీకు ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను. "నా చెవి కావలిది" అని మీరు అన్నారు. ఆ కావలి చెవినే కొన్ని చోట్ల కొలబద్దగా వాడుకోవచ్చునని నా అభిప్రాయం.

తెలుగు వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పడానికి మనకు ఏ గుర్తూ అక్కరలేదు. సమాపక క్రియ వచ్చిందంటే వాక్యం ముగిసిందని చెవికే తెలిసిపోతుంది. అందుకే తాళపత్రాల్లో కామాలు లేకపోయినా మన పూర్వులకు ఏమీ లోటు రాలేదు. ఈ కామా, సెమికోలన్ అచ్చు యంత్రంతో పాటు ఇంగ్లీషు నుంచి మనకు వచ్చినవే. ఇంగ్లీషులో క్రియ వాక్యం నడుమ ఉంటుంది కాబట్టి ముగింపు వినపడదు, కళ్ళతో వెతుక్కోవాలి. "ద పెన్నా రైజెస్ ఇన్ ద నంది హిల్స్, ఇట్ రీచెస్ ద సీ ఇన్ నెల్లూర్ డిస్ట్రిక్ట్" అన్న వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకోండి: "పెన్న నంది కొండల్లో పుడుతుంది, అది నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది." పుడుతుంది, కలుస్తుంది అని రెండు సమాపక క్రియలు వచ్చాయి. తెలుగులో మనం ఇట్లా కామాతో కలిపి రాసినా ఎవరూ ఆక్షేపించరు, ఎందుకంటే ముగింపు పని క్రియే చేసేసింది. ఇంగ్లీషులో మాత్రం రెండు సమాపక క్రియలను కామా ఒక్కటే మోయలేదు. "అండ్" అయినా తోడు కావాలి, లేదా సెమికోలన్ కావాలి, లేదా ఒక క్రియను అసమాపకం చేసి "రైజింగ్ ఇన్ ద నంది హిల్స్" అనాలి. దీనికి ఎదురు దోషం కూడా ఇదే విధంగా దొరుకుతుంది. "ద పెన్నా, విచ్ రైజెస్ ఇన్ ద నంది హిల్స్" అని ఫుల్‌స్టాప్ పెట్టేస్తే, తెలుగులో అది "నంది కొండల్లో పుట్టే పెన్న" అవుతుంది. పెన్న ఏమి చేసింది అని వినేవాడు అడుగుతాడు. సమాపక క్రియ లేదు, కాబట్టి వాక్యమే కాదు.

కర్తకూ క్రియకూ పొత్తు కుదర్చడంలో కూడా తెలుగు సాయపడుతుంది. మన భాషలో విశేషణాలన్నీ ముందు వచ్చి, అసలు నామవాచకం చివర నిలుస్తుంది. ఇంగ్లీషులో అసలు నామవాచకం ముందే వచ్చేసి, దాని వెనుక తోక పెరుగుతూ పోతుంది; పిల్లలు తోకలోని మాటను చూసి క్రియను పెడతారు. "ద క్వాలిటీ ఆఫ్ ద ప్రాన్స్ రెయిజ్డ్ ఇన్ ద పాండ్స్ నియర్ ద కోస్ట్" తర్వాత "డిపెండ్" రావాలా "డిపెండ్స్" రావాలా అన్న ప్రశ్న వస్తే, రొయ్యలు, గుంటలు అన్న బహువచనాలు చూసి "డిపెండ్" అంటారు. దాన్ని తెలుగు చేయమనండి: "తీరం దగ్గరి గుంటల్లో పెంచిన రొయ్యల నాణ్యత." చివరి మాట నాణ్యత, అది ఏకవచనం, కాబట్టి "డిపెండ్స్". తోక ఎంత పొడుగున్నా తెలుగులో చివరి మాట చూస్తే చాలు, కర్త దొరికిపోతుంది.

మూడో సంగతి మాకు చాలా దగ్గరిది. క్త్వార్థక క్రియకూ సమాపక క్రియకూ కర్త ఒకటే ఉండాలని మన వ్యాకరణం చెబుతుంది. "నేను బస్సు దిగి టీ తాగాను" సరైనది. "నేను బస్సు దిగి వర్షం వచ్చింది" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషు పరీక్షలో తరచుగా వచ్చే దోషం అచ్చంగా ఇదే. "ఫార్మ్‌డ్ ఇన్ 1970, ద గవర్నమెంట్ రీనేమ్డ్ ఒంగోల్ డిస్ట్రిక్ట్ ఇన్ 1972" అన్న వాక్యాన్ని తెలుగు చేస్తే "1970లో ఏర్పడి, ప్రభుత్వం 1972లో ఒంగోలు జిల్లా పేరు మార్చింది" అవుతుంది. 1970లో ఏర్పడింది జిల్లా, ప్రభుత్వం కాదు. కామా తర్వాత "ఒంగోల్ డిస్ట్రిక్ట్ వాజ్ రీనేమ్డ్" అని కర్త స్థానంలో జిల్లాను నిలిపిన జవాబే సరైనది.

అయితే ఒక హెచ్చరిక. "వానలు కురిసి చెరువులు నిండాయి" అని తెలుగులో కర్తలు వేరైనా అంటాము, అది శిష్టసమ్మతమే, ఎందుకంటే ఒకటి కారణం, రెండోది దాని ఫలితం. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు ఈ రూపంలో లేదు. కాబట్టి తెలుగు చెవికి ఎబ్బెట్టుగా తోచిన వాక్యం అక్కడా తప్పే అవుతుంది గానీ, తెలుగు చెవికి బాగున్న ప్రతిదీ అక్కడ ఒప్పు అవుతుందని అనుకోవద్దు.


సింగరాయకొండ అభ్యర్థి

మాస్టారూ, నేను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్షకు చదువుతున్నాను. మాకు కూడా మొదటి దశలో ఇంగ్లీషు 25 ప్రశ్నలు, 50 మార్కులు ఉంటాయి. వాక్యంలో దోషం కనిపెట్టడం, వాక్యాన్ని మెరుగుపరచడం వాటిలో వస్తాయి. మీరు చెప్పిన "నో చేంజ్" లాంటిదే మాకు "నో ఇంప్రూవ్‌మెంట్" అని ఒక జవాబు ఉంటుంది. తప్పు జవాబుకు అర మార్కు కోత కాబట్టి మేము అనుమానం ఉంటే వదిలేస్తాము. పదాల పొదుపు విషయంలో మా కోచింగ్‌లో చెప్పేది ఒక్కటే: నాలుగింటిలో అన్నిటికంటే పొట్టిది ఏదో చూసి కళ్ళు మూసుకుని పెట్టెయ్యండి. "రిటర్న్ బ్యాక్", "రిపీట్ అగైన్", "డిస్కస్ అబౌట్" వంటివి మనవాళ్ళకు నోట అలవాటైన తప్పులు, వాటిని ముందు పట్టుకుంటే సగం పని అయిపోతుంది. అమెరికా కళాశాలల ప్రవేశానికే ఉన్న శాట్ పరీక్షలో కూడా ఇదే పద్ధతి ఉంటుందని విన్నాను, మీ మనవరాలు రెండూ రాస్తున్నట్లయితే ఒకే చదువు సరిపోతుంది.


ఒంగోలు ఆన్‌లైన్ ట్యూటర్

అధ్యాపకురాలు గారు చెప్పిన నామవాచకం కిటుకును రేపటి నుంచే నా తరగతిలో వాడుకుంటాను. ఇన్నేళ్ళు తోకను గీత గీసి కొట్టేయమని చెబుతూ వచ్చాను గానీ, ఇది అంతకంటే సులువుగా ఉంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో తెలుగు అంతంతమాత్రంగా వచ్చేవారికి ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి.

సింగరాయకొండ తమ్ముడు చెప్పినదాంట్లో మూడు సంగతులు సవరించక తప్పదు. మొదటిది, ఏసీటీలో తప్పు జవాబుకు కోత లేదు. కాబట్టి మాస్టారి మనవరాలు ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. సీజీఎల్ అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది.

రెండోది, శాట్ ఇప్పుడు అదే పద్ధతిలో లేదు. మన దేశంతో సహా అమెరికా బయట 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి అది కంప్యూటర్ మీద జరుగుతున్నది. చదవడం, రాయడం కలిపి 27 ప్రశ్నల చొప్పున రెండు భాగాలు, ఒక్కొక్క భాగానికి 32 నిమిషాలు. పొడవైన వ్యాసాలు పోయి, 25 నుంచి 150 పదాల చిన్న పేరా ఒకటి, దానికి ప్రశ్న ఒకటి చొప్పున ఇస్తారు. వ్యాకరణం, విరామచిహ్నాల ప్రశ్నలు అందులో సుమారు నాలుగో వంతు ఉంటాయి. గీత గీసిన భాగం బదులు ఖాళీ వదులుతారు, కాబట్టి "నో చేంజ్" అన్న మాటే రాదు. పదాల పొదుపును నేరుగా అడిగే ప్రశ్నలు పాత శాట్‌లో ఉండేవి, ఇప్పుడు లేవు. విరామచిహ్నాల చదువు రెండింటికీ ఉమ్మడే గానీ, పదాల పొదుపు కోసం పెట్టే శ్రమ ఏసీటీకి మాత్రమే ఉపయోగపడుతుంది.

మూడోదే అసలైనది. పొట్టి జవాబును కళ్ళు మూసుకుని పెట్టకూడదు. చాలా ప్రశ్నల్లో పొట్టిదే సరైనదవుతుంది, నిజమే. కానీ అది పొట్టిగా ఉన్నందుకు కాదు, మిగతావి చెప్పిందే చెబుతున్నందుకు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే పండుగ గురించి "ఈచ్ ఇయర్, ద యాన్యువల్ రొట్టెల పండుగ ఈజ్ హెల్డ్ ఎవ్రీ మొహర్రం" అని రాస్తే, ఏటా జరుగుతుందన్న ఒక్క సంగతిని మూడు సార్లు చెప్పినట్లయింది. ఇటువంటి చోట్ల గీత ఒక్క "యాన్యువల్" కిందనే ఉండవచ్చు. గీత కింద ఉన్న మాటను మాత్రమే చూస్తే అందులో దోషమేమీ కనిపించదు. వాక్యం మొత్తం, ఒక్కొక్కసారి ముందు వాక్యం కూడా చదివితేనే ఆ మాట అదనమని తెలుస్తుంది. అందుకే గీతల మీద మాత్రమే కన్ను వేసి గబగబా దూకుతూ పోయే పిల్లలకు ఈ ప్రశ్నలు తప్పుతాయి.

ఇప్పుడు పొట్టిది తప్పయ్యే చోటు చూడండి. "ద డ్యూలాప్ ఆఫ్ ఆన్ ఒంగోల్ బుల్ ఈజ్ లార్జర్ దన్ ఎ హోల్‌స్టీన్" అన్నది పొట్టిది. "లార్జర్ దన్ దట్ ఆఫ్ ఎ హోల్‌స్టీన్" అన్నది రెండు మాటలు పొడవు. మొదటిదాని ప్రకారం ఒంగోలు గిత్త గంగడోలు ఒక హోల్‌స్టీన్ ఆవు కంటే పెద్దదవుతుంది! గంగడోలును గంగడోలుతోనే పోల్చాలి కాబట్టి ఆ రెండు మాటలూ అవసరమే. తెలుగులో మనం "ఒంగోలు గిత్త గంగడోలు హోల్‌స్టీన్ కంటే పెద్దది" అనేసి ఊరుకుంటాము, ఎవరికీ అపార్థం కాదు. అధ్యాపకురాలు గారి హెచ్చరికకు ఇది మరో ఉదాహరణ. అలాగే, పాఠకుడికి స్పష్టమైన వివరం అందించేది ఏది అని ప్రశ్నలోనే అడిగినప్పుడు, వివరం ఉన్న పొడవైన జవాబే కావాలి. ప్రశ్న చదవకుండా జవాబుల పొడవు కొలిచేవారు అక్కడ పడిపోతారు.

మాస్టారి "డ్యూ టు ద ఫాక్ట్ దట్" గురించి ఒక మాట. అది వ్యాకరణ దోషం కాదు, మీరు వేసిన మార్కులు వృథా కాలేదు. కానీ "బికాజ్" చేసే పనికి మించి అది చేసేది ఏమీ లేదు, ఈ పరీక్ష అటువంటిదాన్ని భారంగానే లెక్కిస్తుంది. "సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా" అని అర్జీ మొదలుపెట్టే తెలుగువాడికి ఈ కొలత కొంచెం కఠినంగానే తోస్తుంది, కాదనను.


కావలి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా అధ్యాపకురాలు అమ్మగారికి. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట రానివ్వకూడదని పట్టుబట్టినవాడిని నేను, ఇప్పుడు ఆ తెలుగే నా తప్పులు దిద్దుతున్నది. సింగరాయకొండ అబ్బాయీ, నువ్వు చెప్పిన "రిటర్న్ బ్యాక్" నా నోట ఇప్పటికీ వస్తున్నది, దాచుకోవడం ఎందుకు.

ఈ ఆదివారం మరో పత్రం చేశాను. మార్చిన ప్రతి చోటా పక్కన దోషం పేరు పెన్సిలుతో రాసుకున్నాను. పేరు దొరకని తొమ్మిదింటిని అట్లాగే వదిలేస్తే వాటిలో ఏడు సరైనవయ్యాయి. మొత్తం మీద 41 వచ్చాయి, సమయం 44 నిమిషాలు. పెన్సిలు రాతలకే కొంత సమయం పోయింది. మా మనవరాలు 30 నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయం నా కాగితాన్ని చూస్తూ కూర్చున్నది.

ఇక ఒక్క సందేహం మిగిలింది, ఇద్దరమూ తప్పు చేసినది. మన ఒంగోలు పశువులు బ్రెజిల్‌కు వెళ్ళి అక్కడ నెలోరే అన్న పేరుతో వృద్ధి అయిన సంగతి మీకు తెలిసిందే. ప్రశ్నలోని వాక్యాలు వేరు గానీ, నిర్మాణం తెలియడానికి వాటిని ఆ విషయంలోకి మార్చి రాస్తున్నాను. "ఇన్ ఇండియా ద బ్రీడ్ ఈజ్ నేమ్డ్ ఆఫ్టర్ ఒంగోల్. బ్రెజిల్ డిడ్ నాట్ కీప్ దట్ నేమ్, హౌఎవర్; ఇట్ కాల్స్ ద క్యాటిల్ నెలోరే." ఇందులో సెమికోలన్ "హౌఎవర్" తర్వాత ఉన్నది. "హౌఎవర్" ముందు సెమికోలన్, వెనుక కామా పెట్టాలని నేను పిల్లలకు కంఠస్థం చేయించాను, ఆ ప్రకారమే మార్చాను. "నో చేంజ్" సరైనదని జవాబుల పట్టికలో ఉన్నది. ఇక్కడ దోషానికి పేరు కూడా పెట్టాను, అయినా తప్పింది. పట్టికలోనే అచ్చుతప్పు ఉన్నదా?


ఒంగోలు ఆన్‌లైన్ ట్యూటర్

పట్టికలో తప్పు లేదు మాస్టారూ. మీరు కంఠస్థం చేయించిన నియమమూ తప్పు కాదు, కానీ అది "హౌఎవర్" రెండో వాక్యానికి చెందినప్పుడు వర్తించే నియమం. ఆ మాట ఏ వాక్యానికి చెందుతుందో తేల్చుకున్న తర్వాతే సెమికోలన్ ఎటు పెట్టాలో నిర్ణయించాలి.

"హౌఎవర్" అంటే "అయితే" అనే ఎదురు మాట. దేనికి ఏది ఎదురో చూడండి. భారతదేశంలో ఆ జాతికి ఒంగోలు పేరు ఉన్నది. అయితే బ్రెజిల్ ఆ పేరును నిలుపుకోలేదు. ఎదురు ఈ రెండింటి మధ్యనే ఉంది. బ్రెజిల్ ఆ పేరు నిలుపుకోలేదు అన్నదానికీ, నెలోరే అని పిలుస్తుంది అన్నదానికీ మధ్య ఎదురు ఏమీ లేదు; రెండోది మొదటిదాన్ని వివరిస్తున్నది, అంతే. మీరు సెమికోలన్‌ను ముందుకు జరిపితే "ఆ పేరును నిలుపుకోలేదు; అయితే నెలోరే అని పిలుస్తుంది" అవుతుంది. తెలుగులో చదివినా ఆ "అయితే" అక్కడ అతకడం లేదు గదా. కాబట్టి "హౌఎవర్" ముందు వాక్యానికే తోకగా ఉండాలి, సెమికోలన్ దాని తర్వాత రావాలి.

అదే వాక్యాన్ని "బ్రెజిలియన్ బ్రీడర్స్ ఇంపోర్టెడ్ ద క్యాటిల్ ఫ్రమ్ ఒంగోల్; హౌఎవర్, దే కాల్ దెమ్ నెలోరే" అని మారిస్తే మీ నియమం చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఒంగోలు నుంచి తెచ్చుకుని నెల్లూరు పేరు పెట్టుకోవడంలో ఎదురు ఉంది. ఈ రెండు రకాలూ కొత్త శాట్‌లోనూ వస్తాయి, అక్కడ ఇది బాగా ఇష్టమైన ప్రశ్న. పాపను ఒక పది వాక్యాలు తనే రాసి, "హౌఎవర్" ఎటు చెందుతుందో బాణం గుర్తు గీయమనండి. మీరు వాటిని దిద్దండి, ఈసారి ఎర్ర సిరాతోనే.


నెల్లూరు తెలుగు అధ్యాపకురాలు

బ్రెజిల్ వాళ్ళు మా నెల్లూరు పేరు పెట్టుకున్నారని ఒంగోలు వారు బాధపడకుండా, దాన్ని సెమికోలన్ పాఠానికి వాడుకోవడం బాగుంది. మాస్టారూ, ఆ పది వాక్యాలు పాప రాసిన తర్వాత వీలైతే ఇక్కడ పెట్టండి. మా అబ్బాయి చేత కూడా చేయిస్తాను.